యుద్ధ రహస్యం – సాక్ష్య ధర్మం
డేనియల్ ఎల్స్‌బర్గ్ గ్రంథం ‘సీక్రెట్స్’పై ఒక పరిశీలన

యుద్ధ సమయంలో ప్రభుత్వం కొన్ని విషయాలను దాచడం తప్పు కాదు. సేన ఏ దారిన నడుస్తుందో, ఏ రాత్రి బయలుదేరుతుందో శత్రువుకు తెలిస్తే ప్రాణాలు పోతాయి. ఈ మాటను కాదనే ధర్మశాస్త్రం గాని, రాజ్యాంగం గాని లేదు. అయితే శత్రువు పేరు చెప్పి స్వంత ప్రజల నుండి దాచే విషయాల మాటేమిటి? యుద్ధం ఏ కారణంతో మొదలైంది? గెలుపు సాధ్యమని ఏలినవారు నిజంగా నమ్మారా? నమ్మకుండానే యువకులను పంపారా? ఇవి కూడా కాపాడవలసిన రహస్యాలేనా? ఇవన్నీ తెలిసిన ఉద్యోగి నోరు విప్పితే అతడిని ద్రోహి అనాలా, సాక్షి అనాలా?

అమెరికా రక్షణ శాఖలో పని చేసి, 1971లో ‘పెంటగాన్ పత్రాలు’గా ప్రసిద్ధి పొందిన రహస్య నివేదికను లోకానికి వెల్లడించిన డేనియల్ ఎల్స్‌బర్గ్ 2002లో వెలువరించిన ఆత్మకథాత్మక గ్రంథం ‘సీక్రెట్స్’ ఈ ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఆయన 2023 జూన్ 16న తన 92వ ఏట మరణించారు. ఈ గ్రంథంలోని కొన్ని అధ్యాయాలను తెలుగు చేయబూనిన సందర్భంలో నాకు కలిగిన ఆలోచనలను, గ్రంథం పట్ల నాకున్న మెచ్చుకోలును, అసంతృప్తిని పాఠకుల ముందుంచుతున్నాను.

మాట దగ్గరే చిక్కు

అనువాదకునికి మొదటి పేజీలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. తాను పని చేసే చోట జరుగుతున్న అన్యాయాన్ని బయటపెట్టే వ్యక్తిని ఇంగ్లీషువారు ‘విజిల్‌బ్లోయర్’ అంటారు. మన పత్రికలు దీనికి ‘ప్రజావేగు’ అనే మాటను వాడుకలోకి తెచ్చాయి. చక్కని మాటే గాని, అందులో ‘వేగు’ ఉంది. వేగు అంటే గూఢచారి. అటు ఉర్దూలో ‘ముఖ్‌బిర్’ అందామంటే, ఆ మాటకు పోలీసులకు కబురు అందించేవాడనే చెడ్డ వాసన పట్టింది. విచిత్రమేమంటే అమెరికా ప్రభుత్వం కూడా ఎల్స్‌బర్గ్‌పై మోపింది గూఢచర్య చట్టమే. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తెచ్చిన చట్టమది. పరాయి దేశానికి సమాచారం చేరవేసేవారి కోసం చేసిన చట్టాన్ని, తన దేశ పత్రికలకు తన దేశ చరిత్రను ఇచ్చిన మనిషిపై ప్రయోగించారు. కనుక ఏ మాటను ఎన్నుకోవాలన్నది నిఘంటువు తేల్చే విషయం కాదు. ఈ గ్రంథాన్ని ఎలా చదవాలన్నది కూడా దానిపైనే ఆధారపడి ఉంది.

మదర్సాలో మాకు అమానత్ గురించి బోధించిన ఉస్తాద్ ఒక హదీసు అర్థాన్ని వివరించేవారు. ఒక మనిషి మీతో మాట చెబుతూ, ఎవరైనా వింటున్నారా అని అటూ ఇటూ చూస్తే చాలు, ఆ మాట మీ దగ్గర అమానత్ అయిపోతుంది. దాచమని నోటితో కోరనక్కర లేదు. రహస్యానికి ఇస్లాం ఇచ్చిన విలువ అంతటిది. అయితే అదే పాఠంలో సునన్ అబూ దావూద్‌లోని మరొక హదీసు కూడా వచ్చేది. సమావేశాలలో జరిగిన సంభాషణ అమానత్. కాని మూడు రకాల సమావేశాలకు ఆ రక్షణ లేదు. అన్యాయంగా రక్తం చిందించేందుకు, వ్యభిచారానికి, పరుల సొమ్ము అక్రమంగా కాజేసేందుకు జరిగే సమాలోచనలు అవి. ఈ రెండవ హదీసు సనదులో బలహీనత ఉందని పండితులు చెప్పారు. అయినా దాని భావం ధర్మశాస్త్ర మూలసూత్రాలకు అనుగుణంగానే ఉంది. ఎల్స్‌బర్గ్ గ్రంథం చదువుతున్నంతసేపూ ఈ రెండు హదీసులు నా మనస్సులో పక్కపక్కనే నిలిచాయి.

మొదటి రోజు

ఎల్స్‌బర్గ్ 1931లో జన్మించారు. హార్వర్డ్‌లో చదివి, మెరీన్ దళంలో అధికారిగా పని చేసి, రాండ్ అనే పరిశోధన సంస్థలో చేరారు. 1964 ఆగస్టులో రక్షణ శాఖ సహాయ కార్యదర్శి జాన్ మెక్‌నాటన్ వద్ద ఉద్యోగంలో ప్రవేశించారు. ఆయన పూర్తిగా పని చేసిన మొదటి రోజు ఆగస్టు 4. ఆ రోజే టాంకిన్ సింధుశాఖలో తమ నౌకలపై ఉత్తర వియత్నాం రెండవసారి దాడి చేసిందని వార్త వచ్చింది. ఆగస్టు 2న దాడి జరిగిన మాట నిజం. రెండవ దాడి సంగతి వేరు. మొదట తంతి మీద తంతి పంపిన నౌకాదళ అధికారి జాన్ హెరిక్, కొద్ది గంటలకే తన మాటపై తానే సందేహం వెలిబుచ్చారు. వాతావరణం వల్ల, సోనార్ మీద కూర్చున్నవారి తొందరపాటు వల్ల పొరపాటు జరిగి ఉండవచ్చుననీ, మరే చర్యకైనా ముందు పూర్తిగా విచారించాలనీ కోరారు. ఆ తంతి ఎల్స్‌బర్గ్ చేతుల మీదుగానే పోయింది.

విచారణ జరగలేదు. ఆ రాత్రే అధ్యక్షుడు జాన్సన్ టెలివిజన్‌లో ప్రతీకార దాడులను ప్రకటించారు. ఆగస్టు 7న కాంగ్రెస్ ఆయనకు యుద్ధాధికారం కట్టబెట్టింది. ప్రతినిధుల సభలో 416 ఓట్లు అనుకూలం, ఒక్కటీ వ్యతిరేకం లేదు. సెనేటులో 88 అనుకూలం, 2 వ్యతిరేకం. ఉత్తర వియత్నాం తీరంపై అమెరికా తానే రహస్య దాడులు చేయిస్తున్నదన్న సంగతి ఓటు వేసిన సభ్యులకు చెప్పలేదు. అసలు రెండవ దాడి జరగనే లేదని ఆ దేశపు గూఢచార సంస్థ చరిత్రకారుడే నిర్ధారించిన అధ్యయనం 2005లో వెల్లడి అయింది.

గ్రంథంలో అత్యంత విలువైన భాగం ఇదేనని నా అభిప్రాయం. రచయిత ఇక్కడ వీరుడు కాడు. అబద్ధం తయారయ్యే గదిలో కూర్చున్న తెలివైన ఉద్యోగి మాత్రమే. 1965 ప్రారంభంలో ఉత్తర వియత్నాంపై బాంబు దాడులకు అధ్యక్షుణ్ణి ఒప్పించడానికి, గెరిల్లాలు చేసిన క్రూర కృత్యాల వివరాలు ఒక రాత్రంతా ఫోను మీద సేకరించి ఇచ్చింది తానేనని ఆయన ఒప్పుకుంటారు. తన జీవితంలో అంతకంటె సిగ్గుపడవలసిన పని లేదన్న భావం ఆ పేజీలలో వ్యక్తమవుతుంది.

1966 అక్టోబరు నాటి మరొక ఘట్టం ఉంది. వియత్నాం నుండి తిరిగి వస్తున్న విమానంలో రక్షణ మంత్రి మెక్‌నమారా, లక్ష మందికి పైగా సైనికులను అదనంగా పంపినా పరిస్థితి మెరుగుపడలేదంటే దిగజారినట్టేనని అందరి ఎదుటా వాదించారు. ఎల్స్‌బర్గ్‌ను పిలిచి ఆ వాదనకు మద్దతు కూడా తీసుకున్నారు. కొద్దిసేపటికి విమానం దిగింది. పొగమంచులో నిలుచున్న విలేఖరులతో అదే మెక్‌నమారా పరిస్థితి ఎంతో ఆశాజనకంగా ఉందని చెప్పారు. విమానం మెట్లు దిగేలోపల సత్యం తారుమారైంది. ఏ తత్వవేత్త వ్యాఖ్యానమూ అక్కరలేని ఘట్టమది.

రహస్యం మనిషిని ఏం చేస్తుంది

1968 చివర, హెన్రీ కిస్సింజర్ పదవిలో ప్రవేశించబోతున్న రోజులలో, ఎల్స్‌బర్గ్ ఆయనకు ఒక హెచ్చరిక చేశారు. దాని సారాంశం ఇది. ఇప్పటివరకు ఉన్నాయనే మీకు తెలియని రహస్య పత్రాలు మీ చేతికి వస్తాయి. మొదట పొంగిపోతారు. తరువాత, ఇవేవీ తెలియకుండానే ఇన్నాళ్లు వ్రాశాను, మాట్లాడాను గదా అని సిగ్గుపడతారు. రెండు వారాలు గడిచేసరికి ఇవి తెలియనివారందరూ మీకు మూర్ఖులుగా కనిపిస్తారు. అటుపైన ఎవరి మాటా మీ చెవికెక్కదు. ఎదుటివాడు ఎంత అనుభవజ్ఞుడైనా, నాకు తెలిసింది ఇతనికి తెలిస్తే ఏమంటాడో అన్న ఆలోచనే మీకు అడ్డుపడుతుంది. చివరకు నేర్చుకునే శక్తినే కోల్పోతారు.

రహస్యం వల్ల ప్రజలు మోసపోతారని అందరూ చెబుతారు. రహస్యాన్ని దాచేవాడి బుద్ధే ముందు చెడిపోతుందని చెప్పినవారు అరుదు. షూరా, అంటే సంప్రదింపు, పాలకునికి ఎందుకు అవసరమో ఈ ఒక్క పేజీ చదివితే బోధపడుతుంది. సలహా ఇవ్వగలవారికి విషయం తెలియకుండా చేసి, ఆ తెలియనితనాన్నే కారణంగా చూపి వారి సలహాను తోసిపుచ్చడం ఒక విషవలయం.

ఏడు వేల పుటలు

1967 జూన్‌లో మెక్‌నమారా ఆదేశంపై, 1945 నుండి నాటి వరకు వియత్నాం విషయంలో అమెరికా తీసుకున్న నిర్ణయాల చరిత్రను రహస్యంగా వ్రాయించడం మొదలుపెట్టారు. అది 1969 జనవరిలో పూర్తయింది. 47 సంపుటాలు, సుమారు 7,000 పుటలు. ప్రతులు మాత్రం 15. ట్రూమన్ మొదలుకొని జాన్సన్ వరకు నలుగురు అధ్యక్షులు ప్రజలకు చెప్పిందొకటి, లోపల అనుకున్నదొకటి అని అందులో వారి స్వంత కాగితాలే చెబుతున్నాయి. గెలుస్తామన్న నమ్మకంతో వారు ముందుకు పోలేదు. తమ పదవీకాలంలో ఓడిపోయామన్న పేరు రాకూడదని యుద్ధాన్ని సాగదీశారు. దానిని మొత్తంగా చదివిన అతి కొద్దిమందిలో ఎల్స్‌బర్గ్ ఒకరు.

ఆయనలో మార్పు ఒక్క రోజులో రాలేదు. మద్రాసు నుండి వచ్చిన ఒక గాంధేయ యువతితో జరిగిన సంభాషణలు, గాంధీ, థోరో రచనల పఠనం నేలను దున్నాయి. 1969 ఆగస్టులో హేవర్‌ఫర్డ్ కళాశాలలో జరిగిన యుద్ధ వ్యతిరేకుల సభలో, సైన్యంలో చేరడానికి నిరాకరించి త్వరలో జైలుకు పోబోతున్నానని రాండీ కెహ్లర్ అనే యువకుడు ప్రశాంతంగా చెప్పగా విని, ఎల్స్‌బర్గ్ బయటకు వెళ్లి చాలాసేపు ఏడ్చారు. అక్టోబరు 1న, స్నేహితుడు ఆంథొనీ రూసో తోడ్పాటుతో, రాత్రిపూట ఒక్కొక్క పుటను జిరాక్స్ తీయడం ప్రారంభించారు.

ఆయన వెంటనే పత్రికలకు పరుగెత్తలేదు. మొదట సెనేటు విదేశాంగ సంఘం అధ్యక్షుడు ఫుల్‌బ్రైట్‌కు, తరువాత మరొక సెనేటర్ మెక్‌గవర్న్‌కు అందజేయజూశారు. చట్టసభ వారే బయటపెడితే మేలని ఆయన ఆశ. నెలలు గడిచాయి గాని వారు ముందుకు రాలేదు. 1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ ప్రచురణ మొదలుపెట్టింది. ప్రభుత్వం కోర్టుకు పోయి ఆపించింది. వాషింగ్టన్ పోస్ట్, దాని వెంట మరికొన్ని పత్రికలు అందుకున్నాయి. జూన్ 30న సుప్రీంకోర్టు 6–3 తీర్పుతో పత్రికలపై నిషేధాన్ని తోసిపుచ్చింది. ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. శాంతి సంప్రదింపులకు సంబంధించిన నాలుగు సంపుటాలను ఎల్స్‌బర్గ్ పత్రికలకు ఇవ్వలేదు. అవి బయటపడితే సంప్రదింపులు చెడతాయని ఆయన భావించారు. ఏది దాచాలో, ఏది చెప్పాలో తేడా తెలిసిన మనిషి చేసిన పని ఇది. నాడు ప్రభుత్వం తరఫున సుప్రీంకోర్టులో వాదించిన ఎర్విన్ గ్రిస్‌వోల్డ్, ఆ ప్రచురణ వల్ల దేశ భద్రతకు ముప్పు వాటిల్లిన జాడ తనకెక్కడా కనబడలేదని 1989లో స్వయంగా వ్రాశారు.

‘ఎందుకు?’ అన్న ప్రశ్న

పత్రికలు గెలిచాయి గాని ఎల్స్‌బర్గ్‌పై విచారణ ఆగలేదు. అన్ని నేరాలూ రుజువైతే 115 సంవత్సరాల శిక్ష. లాస్ ఏంజెలిస్ న్యాయస్థానంలో ఆయన బోనెక్కినప్పుడు, ఆ పత్రాలను ఎందుకు నకలు తీశారని ఆయన న్యాయవాది ప్రశ్నించారు. ప్రభుత్వ న్యాయవాది ఆక్షేపించారు. కారణం ఈ కేసుకు అసందర్భమని న్యాయమూర్తి ఆ ఆక్షేపణను సమర్థించారు. మనిషి జీవితాంతం జైలులో ఉండవలసిన నేర విచారణలో ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు చోటు లేకపోయింది. చివరకు 1973 మే 11న కేసు కొట్టివేయబడింది. దానికి కారణం ఎల్స్‌బర్గ్ చేసింది సబబు అని తేలడం కాదు. ఆయన మానసిక వైద్యుని కార్యాలయంలో శ్వేతసౌధం మనుషులు దొంగతనంగా చొరబడినట్లు, ఆయన ఫోను సంభాషణలను చాటుగా విన్నట్లు బయటపడింది. అసలు ప్రశ్నకు జవాబు నేటికీ రాలేదు.

ఈ ఘట్టం చదువుతుంటే హిజ్రీ 8వ సంవత్సరంలో జరిగిన సంఘటన గుర్తు రాకమానదు. మక్కా వైపు సేన బయలుదేరబోతున్నదన్న రహస్యాన్ని హజ్రత్ హాతిబ్ బిన్ అబీ బల్తఆ (రజి) ఒక స్త్రీ ద్వారా ఖురైషీలకు లేఖ వ్రాసి పంపారు. లేఖ దారిలోనే పట్టుబడింది. ఇది నిజమైన యుద్ధ రహస్యం. చేరబోయింది నిజంగా శత్రువుకే. హజ్రత్ ఉమర్ (రజి) మరణశిక్షకు అనుమతి కోరారు. దైవప్రవక్త (స) మాత్రం ముందుగా హాతిబ్‌నే పిలిపించి, ఇదేమిటని అడిగారు. మక్కాలో దిక్కులేక ఉన్న తన కుటుంబానికి రక్షణగా ఉంటుందని ఈ పని చేశానని, ధర్మభ్రష్టుణ్ణి కాలేదని ఆయన చెప్పుకున్నారు. ఆ మాట నిజమని ప్రవక్త (స) అంగీకరించారు. బద్ర్ యుద్ధంలో ఆయన పాల్గొన్న విషయాన్ని గుర్తు చేసి క్షమించారు. చేసిన పని తప్పేనని అల్ ముమ్‌తహినా సూరా ప్రారంభం స్పష్టం చేసింది. తప్పును తప్పన్నారు. అయినా మనిషిని ‘ఎందుకు’ అని అడిగారు.

రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. హాతిబ్ (రజి) శత్రువుకు తెలియరానిదాన్ని శత్రువుకు తెలుపబోయారు. ఎల్స్‌బర్గ్ శత్రువుకు ఎన్నడో తెలిసినదాన్ని స్వంత ప్రజలకు తెలిపారు. మొదటి సందర్భంలో కారణం విన్నారు. రెండవ సందర్భంలో వినమన్నారు.

ఎవరి నుండి రహస్యం?

ఇక గ్రంథంలోని లోపాల సంగతి. మొదటిది ఆలస్యం. 1964లో తెలిసినదాన్ని 1969 వరకు ఆయన దాచారు. తన దగ్గర ఉన్న కాగితాలు ఆ రోజే సెనేటుకు అంది ఉంటే ఆ తీర్మానం సంఘం దాటి వచ్చేదే కాదని, వ్యతిరేకంగా ఓటు వేసిన ఇద్దరిలో ఒకరైన వేన్ మోర్స్ తరువాత ఆయనతో అన్నారు. ఆ మాటను దాచకుండా చెప్పడం రచయిత నిజాయితీ. కాని ఒప్పుకోలుకు, లెక్క చెప్పడానికి తేడా ఉంది. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 283వ ఆయత్ సాక్ష్యాన్ని దాచేవాని హృదయమే పాపభూయిష్టమని హెచ్చరిస్తున్నది. హద్దు శిక్షల విషయంలో సబబైన కారణం లేకుండా ఆలస్యం చేసిన సాక్షిని హనఫీ ధర్మవేత్తలు అంగీకరించరు. ఆ అయిదేళ్లూ నోరు ఎందుకు పెగలలేదన్న ప్రశ్నకు రచయిత విధేయత, ఆశయం, పై అధికారి మెప్పు అని జవాబిస్తారు. అది సరిపోదు. జిరాక్స్ యంత్రం ముందు గడిచిన రాత్రులకు ఇచ్చినన్ని పుటలు ఈ మౌనానికి కూడా ఇచ్చి ఉంటే, ఉద్యోగంలో ఉన్న ప్రతి పాఠకునికీ అది ఎక్కువ ఉపయోగపడేది. మనలో నకలు తీసేవారు బహు కొద్దిమంది. మౌనంగా ఉండేవారమే ఎక్కువ.

పదమూడేళ్ల కుమారుణ్ణి యంత్రం దగ్గర నిలబెట్టి, పదేళ్ల కుమార్తెతో కాగితాల మీది ‘అతి రహస్యం’ అన్న ముద్రలను కత్తిరింపజేయడం కూడా నాకు నచ్చలేదు. తండ్రి జైలుకు పోయినా పిచ్చిపట్టి చేయలేదని, ప్రశాంతమైన మనస్సుతో చేశాడని వారికి తెలియాలని ఆయన ఉద్దేశం. ఉద్దేశం అర్థమవుతుంది. అయినా సాక్ష్యం చెప్పే బరువు యుక్తవయస్కులది, పసిపిల్లలది కాదు.

అన్నిటికంటె పెద్ద లోపం మరొకటి. ట్రాన్ న్గోక్ చౌ వంటి ఒకరిద్దరు మినహా వియత్నామీయులు ఈ గ్రంథంలో దూరంగానే నిలిచిపోతారు. రోడ్డు పక్క చేయి ఊపే పిల్లలుగానో, చెట్ల చాటు నుండి కాల్చే కనబడని మనుషులుగానో వస్తారు. 58,000 మందికి పైగా అమెరికా సైనికులు మరణించారు. వియత్నామీయుల మరణాల సంఖ్య లక్షలలో చెప్పవలసినది. అధికారిక లెక్కగా ఆ దేశం 1995లో ప్రకటించినది ముప్పై లక్షలకు పైనే. వారి దృష్టితో చూస్తే ‘రహస్యం’ అన్న మాట అర్థమే మారిపోతుంది. 1969 మార్చిలో కంబోడియాపై మొదలైన బాంబు దాడులను అమెరికా అతి రహస్యంగా ఉంచింది. ఎవరి నుండి? బాంబులు ఎవరి పొలాల మీద పడుతున్నాయో వారికి తెలుసు. శత్రు సైన్యానికీ తెలుసు. తెలియనిది పన్ను కట్టిన అమెరికా పౌరునికి మాత్రమే.

ఇది వియత్నాంతో ముగిసిపోయిన కథ కాదు. అఫ్గానిస్తాన్‌లో పని చేసిన అమెరికా వైమానిక దళ మాజీ ఉద్యోగి డేనియల్ హేల్, డ్రోన్ దాడుల పత్రాలను వెల్లడించినందుకు అదే 1917 చట్టం కింద 2021లో 45 నెలల శిక్ష పొందారు. 2015లో ప్రచురితమైన ఆ పత్రాల ప్రకారం, ఈశాన్య అఫ్గానిస్తాన్‌లో 2012 జనవరి – 2013 ఫిబ్రవరి మధ్య దాడులలో 200 మందికి పైగా చనిపోగా, వారిలో నిజంగా గురిపెట్టినవారు 35 మంది మాత్రమే. ఆ గ్రామాలవారికి ఈ లెక్క చెప్పనక్కర లేదు. తమవారిని పాతిపెట్టింది వారే.

మన దేశంలో

ఇదంతా పరాయి దేశం గొడవ అనుకోవడానికి వీలు లేదు. ఆంగ్లేయులు 1923లో చేసిన అధికార రహస్యాల చట్టం మన దేశంలో ఇప్పటికీ ఉంది. 1962 చైనా యుద్ధంలో మన ఓటమి కారణాలను పరిశీలించిన హెండర్సన్ బ్రూక్స్ – భగత్ నివేదికను ప్రభుత్వం ప్రచురించనే లేదు. దానిలో కొంత భాగాన్ని 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు బయటపెడితే గాని మనకు చదివే అవకాశం కలగలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం, ప్రజా ప్రయోజనం ఎక్కువైన చోట రహస్యం పక్కకు తప్పుకోవాలన్న సూత్రాన్ని ఒప్పుకుంది. అది మేలైన అడుగు. కాని అవినీతిని బయటపెట్టేవారి రక్షణకు 2014లో చేసిన చట్టం, అమలు తేదీ ప్రకటనకే నోచుకోక ఏళ్ల తరబడి పడి ఉంది.

ఇక్కడ మనం కూడా జాగ్రత్త పడాలి. భద్రతకో భయానికో సంబంధించిన కబురు చెవిన పడగానే దానిని చాటేవారిని అన్‌నిసా సూరా 83వ ఆయత్ మందలిస్తున్నది. బాధ్యులకు నివేదించమంటున్నది. అదే సూరా 135వ ఆయత్ న్యాయం కోసం స్వంత ప్రాణానికి, తల్లిదండ్రులకు వ్యతిరేకంగానైనా సాక్షులుగా నిలబడమంటున్నది. ఒకటి వదరుబోతుకు కళ్లెం. మరొకటి మౌనికి అదిలింపు. ఒక దానిని చూపి మరొక దానిని కప్పివేయడం పాలకులకూ అలవాటే, పండితులకూ అలవాటే. ఎల్స్‌బర్గ్ ముందు బాధ్యుల తలుపే తట్టారు. అది తెరుచుకోనప్పుడు ప్రజల ముందు నిలబడ్డారు. అరెస్టుకు తానే వచ్చి లొంగిపోయారు. రహస్యాన్ని అమ్ముకోలేదు, పారిపోలేదు.

ఆయన ఆలస్యంగా వచ్చిన సాక్షి. గ్రంథం కూడా అటువంటిదే. విలువైనది, అసంపూర్ణమైనది. నా అనువాదంలో ప్రభుత్వ న్యాయవాది మాట్లాడే చోట ‘వేగు’ అనే వ్రాశాను. ఎల్స్‌బర్గ్ తనను గురించి చెప్పుకునే చోట మాత్రం ‘సాక్షి’ అన్న మాటనే వాడాను. ఆ మాట వ్రాసిన ప్రతిసారీ అయిదేళ్ల ఆలస్యమూ గుర్తుకు వచ్చింది. పాఠకునికి కూడా గుర్తుకు రావాలనే నా కోరిక.